కళ్ళు మూసుకుని పెట్టిన లైవ్

మా ఇల్లు గోపాలపట్నంలో, చెల్లి ఇల్లు దువ్వాడలో. బస్సెక్కితే ఎంతో సేపు పట్టదు. అయినా ఇక మా చేతుల్లో ఏమీ లేదని డాక్టర్లు ఆమెను ఇంటికి పంపేశాక నేను ఒక్కసారీ వెళ్ళలేదు. ఆ మంచం పక్కన కూర్చునే ధైర్యం లేదు. పిరికివాణ్ణి, అంతే.

దానికి బదులు, ఆదివారం సాయంత్రం లైవ్ పెట్టి ఆమె కోసం ప్రార్థన చేస్తానని గొప్పగా చెప్పాను. జీవితంలో అదే నా మొదటి లైవ్. ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఫోన్‌ని బియ్యం డబ్బాకి ఆనించి, అందరికీ వందనాలు చెప్పాను. ప్రార్థన అంటే చిన్నప్పట్నుంచీ మాకు కళ్ళు మూసుకోవడమే. మూసుకున్నాను. చెల్లి ముఖం చూస్తూ చెప్పలేనివన్నీ చెప్పాను. రానందుకు క్షమించమని వెక్కి వెక్కి ఏడ్చాను. ఆమేన్ అని కళ్ళు తెరిచేసరికి లైవ్ ఎప్పుడో ఆగిపోయి ఉంది.

చెల్లెలి భర్తకి ఫోన్ చేశాను.

"నువ్వు కళ్ళు మూసుకున్నావు బావా, బొమ్మ అలాగే ఉండిపోనాది. ఒక్క మాటా ఇనబడ్నేదు. మీ సెల్లి మాత్రం అలా సూత్తానే ఉంది," అన్నాడు.

ఫోన్ ఆమె చెవి దగ్గర పెట్టాడు. ఇప్పుడైనా చెప్పొచ్చు. కానీ మళ్ళీ లైవ్ పెడతానన్నాను.

"వద్దులే అన్నియ్యా," అంది సన్నగా. "నిద్దరోయావనుకున్నాను. లేపొద్దని నానే సెప్పాను."