పురుడు ముట్టిన చేతులు, వల

ముందు వార్త చెప్పేస్తాను, కథ తర్వాత. నేను బీఎస్సీ నర్సింగ్ పాసయ్యాను. ఫస్ట్ క్లాసు. నాకు నలభై ఏళ్లు. పుట్టింట్లోగానీ అత్తింట్లోగానీ డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. బరంపురంలో కాలేజీ నోటీసు బోర్డు మీద నా నంబరు చూసి నమ్మకం కుదరక, తోటి పిల్లల్లో ముగ్గురి చేత మళ్లీ చదివించుకున్నాను.

మాది ఒడిశాలో పొడంపేట. ఋషికుల్య సముద్రంలో కలిసే చోటికి దగ్గర. మా ఆయన వేటకెళ్తాడు, నేను చిరిగిన వలలు కట్టేదాన్ని. మా నాన్న నేర్పిన పని అది. దాంతోపాటు ఆశా కార్యకర్తగా నెలలు నిండినవాళ్లను ఆసుపత్రికి తీసుకెళ్లేదాన్ని. కాన్పుగది గుమ్మం దగ్గర "నీ పని ఇక్కడిదాకా" అని ఆపేసేవారు. లోపల నేను తీసుకొచ్చిన మనిషి నన్ను పిలుస్తూ ఏడుస్తుంటే, బయట బెంచీ మీద ఆమె చెప్పులు పట్టుకుని కూర్చునేదాన్ని. పదకొండేళ్లు అలా కూర్చున్నాను. ముప్పై ఆరో ఏట, పెట్టె అడుగున ఉన్న ప్లస్ టూ సర్టిఫికెట్ బయటికి తీశాను.

నేను గుమ్మం బయట ఉన్నంతకాలం మా అత్తకి నాతో పేచీ లేదు. మా ఇళ్లలో కాన్పు చేసిన మనిషి పది రోజులు వల ముట్టకూడదు. ముడితే చేప పడదంటారు.

"నువ్వు నర్సమ్మవైతే నీకు రోజూ పురుడే గదేటే," అంది మా అత్త. "అప్పుడు వల ఎవులు కడతారు? సదువో, వలో, ఏదో ఒకటి సెప్పు."

"సదువే అత్తా."

"అయితే ఇంక వల మీద సెయ్యెయ్యకు."

మా ఆయన తల దించుకుని, "ఎల్లు. వల నేను కట్టుకుంటాన్లే," అన్నాడు. ఆయన కట్టిన వలలోంచి చేపలు నమస్కారం పెట్టి మరీ వెళ్లిపోయేవి.

క్లాసులో పద్దెనిమిదేళ్ల పిల్లలు నన్ను "మావుసీ" అనేవారు. ఒడియాలో పిన్ని అని. నేను కూర్చునే ముందు బల్ల తుడిచి, "కూర్చో మావుసీ, నడుం పట్టేస్తుంది," అని నవ్వేవాళ్లు. నవ్వుకోనిచ్చాను. శరీర నిర్మాణం పరీక్షలో వాళ్లకంటే నాకే ఎక్కువ మార్కులు వచ్చాక, అదే పిల్లలు నోట్సు అడగడానికి హాస్టల్లో నా మంచం మీదికి చేరారు. సెలవులకు ఇంటికి వస్తే మాత్రం వరండాలో వల ఒక మూల, నేను ఒక మూల. నాలుగేళ్లు దాన్ని తాకలేదు. మాటంటే మాటే.

చివరి ప్రాక్టికల్‌లో రబ్బరు బొమ్మకి బొడ్డు కట్టమన్నారు. చేతికి దారం ఇచ్చారు. వేళ్లు వాటంతటవే కదిలాయి. దారం నొక్కిపట్టి, మెలి తిప్పి, లాగి బిగించాక గాని చూసుకోలేదు. కట్టింది వల ముడి.

బయటినుంచి పరీక్ష చేయడానికి వచ్చిన మేడమ్ వంగి చూసింది. "ఇదెక్కడ నేర్చుకున్నావు?" అని ఒడియాలో అడిగింది.

"మా నాన్న దగ్గర మేడమ్. వలకి వేస్తాం."

"గట్టిగానే ఉంది. కానీ నీ తర్వాత డ్యూటీకి వచ్చే నర్సు దీన్ని చూసి ఏం అర్థం చేసుకుంటుంది? విప్పు. పుస్తకంలో ఉన్నట్టు కట్టు."

ఆమె చెప్పింది సబబే. విప్పాను, మళ్లీ కట్టాను. ఫెయిలయ్యాననే అనుకుంటూ నెలలు గడిపాను.

ఇక ఫలితం వచ్చిన రోజు. మధ్యాహ్నం బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి మా అత్త వరండాలో పీతలు చింపిన వల ముందేసుకుని కూర్చుంది.

"ఏటైనాది?"

"పేసయ్యాను."

ఆవిడ ఒక్క క్షణం వల కట్టే సూది ఆపింది. "తానం సేసి లోపలికి రా."

"సెయ్యనత్తా. ఇంకమీదట రోజూ కాన్పులు సేసే ఒత్తాను. సబ్బుతో సేతులు కడుక్కుంటాను, నీకన్నా బాగా కడుక్కుంటాను. అంతే. ఈ గుమ్మం కాడ కూడా ఇంక ఆగను."

చెప్పులు విడిచి ఆవిడ ఎదురుగా కూర్చున్నాను. పక్కనున్న ఇంకో సూది తీసుకుని వలలో తెగిన కన్ను పట్టుకున్నాను. ఆవిడ నా చేతులకేసి చూస్తూనే ఉంది, వద్దనలేదు. నాలుగేళ్ల తర్వాత మొదటి ముడి వేశాను.

"ఒదులుగుంది," అంది. "ఇప్పు."

పరీక్షలో విప్పాను. ఇక్కడ విప్పడానికి కారణం లేదు.

"ఇప్పను. నాగి సూడు."

ఆవిడ వల అంచు రెండు చేతుల్తో పట్టి లాగింది. బలంగా లాగింది. నా ఒళ్లోకి ఇసక రాలింది. ముడి కదల్లేదు. ఇంకోసారి లాగి చూసి, వల రెండో కొస నా వైపు జరిపింది.

"కింద ఇంకా సిరిగుంది," అంది. "మీ ఆయన కట్టిందంతా ఇప్పాల."