బదులు మనిషి

అప్పట్లో మా కోవూరులో పిల్లల్ని బోర్డు స్కూల్లో వెయ్యాలా, పెన్న దాటించి నెల్లూరు ప్రైవేటు స్కూలుకు పంపాలా అనే చర్చ ఏ ఇంట్లోనూ ఎక్కువసేపు సాగేది కాదు. మగపిల్లాడు బస్సెక్కేవాడు, ఆడపిల్ల వీధి చివరిదాకా నడిచేది. మా ఇంట్లోనూ అంతే. ఆ ఏర్పాటు చేసింది మా ఆయన కాదు, నేనే. (మూడో తరగతితో చదువు ఆపేసిన నాకు అంత అధికారం ఎవరిచ్చారో ఇప్పటికీ తెలియదు.)

అబ్బాయికి టర్ము జీతం కట్టామో లేదో, వాడు గడ్డివామి మీద నుంచి దూకి కాలు విరగ్గొట్టుకున్నాడు. వాడు కట్టుతో మంచాన పడి మూలుగుతుంటే నా దిగులంతా స్కూల్లో ఖాళీగా ఉన్న సీటు మీద! నాట్లప్పుడు ఒక మనిషి మంచాన పడితే అదే ఇంటి నుంచి ఇంకో మనిషి వచ్చి ఆ వరసలో వంగుతుంది. ఎవరూ ఏమీ అనరు. స్కూలూ అంతేననుకున్నాను. వాడికంటే ఏడాది చిన్నదైన కూతురికి రెండు జడలు బిగించి, అన్న పుస్తకాల సంచి తగిలించి, పక్కింటి పిల్లలతో బస్సెక్కించాను.

"అన్న పేరు పిలిస్తే నువ్వు పలుకు మే. ఊరికే కూర్చోబాక, జీతం కట్టినాం."

అది బుద్ధిగా పలికింది. కొద్దిరోజులకే పెద్ద టీచరమ్మ నన్ను పిలిపించింది.

"ఏందమ్మా, మీ అబ్బాయి ఎప్పుడు జడలు పెంచినాడు?"

"వాడి కాలు విరిగిందమ్మా. సీటు దండగ కాకుండా బదులు మనిషిని పంపించినా."

గదిలో ఉన్న టీచర్లంతా పమిటలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. పెద్ద టీచరమ్మ కళ్ళు తుడుచుకుని, "పిల్ల చురుగ్గా ఉందమ్మా. దీన్ని కూడా చేర్పించు" అంది. సంచి పట్టుకు నిలబడ్డ నా కూతురు నా వైపే చూస్తోంది.

"ఆడపిల్లకి బోర్డు స్కూలు చాల్లేమ్మా" అన్నాను.

అంతసేపూ నవ్విన వాళ్ళు ఆ మాటతో నవ్వడం మానేశారు. (నవ్వినప్పటి సిగ్గు బస్సు దిగేలోపే పోయింది. ఇది మాత్రం పోలేదు.)

అబ్బాయి లేచి మళ్ళీ బస్సెక్కాడు, అది మళ్ళీ వీధి చివరికి నడిచింది. ఏడవలేదు, అలగలేదు. ఒకరోజు జడ వేస్తుంటే మాత్రం అడిగింది: "అమ్మా, అన్నకి రెండో కాలు ఎప్పుడు విరుగుతాది?"

నోర్ముయ్యమని దువ్వెనతో నెత్తిన ఒకటిచ్చాను. జడ మాత్రం వంకర పోయింది.

ఇప్పుడు ఇద్దరికీ తలలు నెరిశాయి. మొన్న వాడు మా ఇంటి గడప తట్టుకుని తూలితే, ఇంట్లో వాళ్ళంతా వాడి కాలు చూశారు. కూతురు మాత్రం నా మొహం చూసి నవ్వింది. నేనూ నవ్వాను గానీ, తల దించుకునే నవ్వాను.