మా వీధి పిల్లులకు ఎవరూ విషం పెట్టలేదు

అరసవల్లిలో మా వీధి పిల్లులు ఆ ఏడాది ఎందుకు చచ్చాయని అప్పట్లో ఎవరినడిగినా ఒకటే చెప్పేవారు: గంపలో మూతి పెడుతున్నాయని చేపలమ్మే ఆవిడకు కోపమొచ్చి, కవళ్లనే చిన్న చేపలకు ఎలకల మందు రాసి పడేసిందని. అబద్ధం. చూసినవాళ్లు ఒక్కరూ లేరు, చెప్పేవాళ్లు మాత్రం వీధినిండా ఉండేవారు.

ఆవిడ సముద్రపు ఒడ్డు నుంచి ఆటోలో వచ్చేది. ఏ గుమ్మంలో గంప దించినా, బేరానికి ముందు ఆ ఇంటి పిల్లికి ఒక చిన్న చేప విసిరేది. "దాని వాటా దానికి పడేస్తే మరి గంప జోలికి రాదమ్మా" అనేది. పిల్లులకు లంచమిచ్చి వ్యాపారం చేసుకునే మనిషికి విషంతో పనేమిటి?

మొదట ఎదురింటి వదిన పెంచే కూనలు పోయాయి. తర్వాత మా బూడిదరంగు కూన తిండి మానేసింది. పసరు కక్కుకుని, నీళ్ల గిన్నె మీదికి తల వాల్చి కూర్చునేది. దాహముంది, గుటక వేయదు. విషం తిన్నది రోజుల తరబడి ఇలా కూర్చుంటుందా? సంచిలో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి పోయాను.

"గేదెలొచ్చే చోటికి పిల్లిని తెచ్చారేటండి!" అని వరసలో ఒకాయన నవ్వాడు.

"పాలివ్వనిదానికి రోగం రాకూడదా ఏటి?" అన్నాను.

డాక్టరు చూసి పార్వో వైరస్ అన్నాడు. కుక్కలకొచ్చే పార్వోకి దగ్గర చుట్టమట. రక్తంలో తెల్లకణాలు పడిపోతాయి, టీకా వేయని కూనలను ఎక్కువగా తీసుకుపోతుంది, మనుషులకు రాదు. సెలైన్ ఎక్కించాడు. మా కూన బతకలేదు.

ఈలోగా వీధిలో ఆవిడ దగ్గర చేపలు కొనడం మానేశారు.

"పిల్లి సచ్చినా ఆ సేపలదాన్నే ఎనకేసుకొస్తావేటే?" అంది వదిన.

"ఆ చేపలే తిన్న నీ ముసలి పిల్లి ఇంకా నీ మంచమ్మీద దొర్లుతున్నాది కదా వదినా. దానికి ఎలకల మందు పడుతుందా?"

వదిన తలుపేసుకుంది.

చేపలావిడ గంప దించకుండా నా గుమ్మం ముందు నిలబడింది. "నానేటి సేసినానమ్మా? మీ వీధిలో గంప దిగకపోతే మా ఇంట్లో పొయ్యి ఎలగదు." అందరూ చూస్తుండగా కవళ్లు కొన్నాను. ఇంటింటికీ పోయి డాక్టరు మాట చెప్పి, తగువాడి మరీ నమ్మించాను. అందరికంటే చివర వదిన బయటికొచ్చి "కవళ్లు తాజాయేనా?" అంది.

డాక్టరు చెప్పినదాంట్లో సగం మాత్రం నేను వీధిలో చెప్పకుండా మింగాను. ఈ క్రిమి చెప్పులకు, గుడ్డలకు, సామానుకు అంటుకుని నెలల తరబడి బతుకుతుందని కూడా డాక్టరు చెప్పాడు. అది చేపలావిడకు మాత్రం చెప్పాను.

"గంపని రోజూ సముద్రం నీటితో కడుగుతన్నాను. ఉప్పునీటికి లొంగందేటి ఉంటాది?"

"దీనికి ఉప్పు చాలదట. బ్లీచింగు కావాలట."

"ఓలమ్మ! ఆ కంపు కొడితే సేప ఎవడు కొంటాడు?"

మర్నాటి నుంచి గంపను మా గుమ్మంలో కాకుండా ప్రహరీ గోడ మీద దించుతోంది. మిగతా ఇళ్ల పిల్లులకు విసిరే చేప మాత్రం మానలేదు.

మా కూన గడప దాటి ఎరగదు. గుమ్మంలో దిగిన గంప అంచు మాత్రం రోజూ వాసన చూసేది. వదినతో కబుర్లకు రోజూ పోయొచ్చే నా చెప్పుల మీద పడుకునేది కూడా. ఆ రోగం మా గడప లోపలికి గంపతో వచ్చిందా, నా చెప్పులతోనా?