రజిత ఎదురుచూసిన మాట

2022లో వానలు మొదలైన రోజులు. మెదక్‌లో హింసకు గురైన ఆడవాళ్ల కోసం నడిచే ఒక సహాయ కేంద్రంలో నేను కౌన్సిలర్‌గా పనిచేస్తున్నాను. కౌన్సిలర్ అంటే మొగుడూ పెళ్లాలకు సర్దిచెప్పి ఇంటికి పంపే మనిషి అనుకుంటారు చాలామంది. మా పని అది కాదు. వచ్చినామె చెప్పేది వినాలి. దవాఖానకో స్టేషన్‌కో తోడు పోవాలి. కోర్టులో ఆమె తరఫున నిలబడేవాళ్లను వెతకాలి.

రజిత నిండా తడిసి వచ్చింది. ఇరవై ఆరేళ్లుంటాయి. పుట్టిల్లు నిజాంపేట, అత్తగారిది రేగోడ్ దిక్కు ఒక ఊరు. దవడ వాచిపోయి మాట సరిగా రావడం లేదు. భర్త కట్టెతో కొట్టాడు. కొట్టడం కొత్త కాదు గానీ ఈసారి వాకిట్లో, ఇరుగుపొరుగు చూస్తుండగా కొట్టాడు. ఆమె ప్రాణభయంతో రోడ్డు మీదికి పరుగెత్తితే, ఐదేళ్ల కూతురు శ్రీజను లోపలికి లాక్కుని తలుపేసుకున్నారు.

"ముందుగాల నా బిడ్డను ఇప్పియ్యుండ్రి మేడం. దవడ సంగతి తర్వాత చూసుకుందం" అన్నది.

దవడకు కట్టు కట్టించాం. స్టేషన్‌లో 498ఏ పెట్టారు, అంటే భర్తా అత్తింటివాళ్లూ పెట్టే హింస మీద నడిచే క్రిమినల్ కేసు. పాప కోసం మేజిస్ట్రేట్ కోర్టులో డీవీసీ వేశాం. అది గృహహింస చట్టం కింద వేసే వేరే కేసు. ఇంకా మొదటి వాయిదా కూడా రాకముందే ఆమె బావ, అంటే భర్త అన్న, కబురు పంపాడు. ఊళ్లో మాట చెల్లే మనిషి. కేసు వాపస్ తీసుకుంటే పిల్లను ఆ పూటే ఇచ్చేస్తామన్నాడు. రజిత తండ్రి కూడా ఒప్పుకోమనే అన్నాడు. ఆమె మా వరండాలో చాలాసేపు కూర్చుని, లోపలికొచ్చి నాతో ఇలా అన్నది.

"బిడ్డ కోసమని సంతకం పెడ్త అనుకోండ్రి మేడం. రేపు మల్ల గా ఇంటికే పొమ్మంటరు. గా ఇంట్ల నా బిడ్డ ఏం చూసుకుంట పెరుగుతది?"

సంతకం పెట్టలేదు. అక్కడి నుంచి ఆమె ఎదురుచూపు మొదలైంది. అవతలి వకీలు గడువు అడుగుతూనే ఉన్నాడు, వాయిదా మీద వాయిదా పడుతూనే ఉంది. రజిత మెదక్‌లోనే కిరాయికి ఒక అర్ర తీసుకుని, ఒక టైలరింగ్ షాపులో జాకెట్లు కుట్టేది. షాపు సెలవున్న రోజు బస్సెక్కి శ్రీజ చదివే బడి దాకా పోయేది. ఆమెను లోపలికి రానివ్వొద్దని పాప తండ్రి బడిలో ముందే చెప్పి పెట్టాడు. అందుకని ఎదురుగా హోటల్ బల్ల మీద కూర్చుని, ఇంటర్వెల్‌లో పిల్లలు బయటికొచ్చే దాకా గేటు వైపే చూసేది. తిరిగొచ్చి నాకు చెప్పేది. జుట్టు పెరిగిందట. రెండు జడలు వేస్తున్నారట. చెప్పులు పొట్టివైపోయినా కొత్తవి కొనలేదట.

ఒకరోజు శ్రీజ ఆమెను చూసింది. చూసి, మొఖం తిప్పుకుని లోపలికి ఉరికింది.

ఆ సాయంత్రం రజిత నా ముందు కూర్చుని ఏడవను కూడా లేదు. కేసు ఇంక వద్దన్నది. నేను కాదనలేదు, సరేననీ అనలేదు. పాపను కలిసే ఆర్డర్ కోసం వేసిన పిటిషన్ మీద వాదనలు అయిపోయాయనీ, ఆ ఆర్డర్ వచ్చాక ఆలోచించుకొమ్మనీ అన్నాను.

ఆర్డర్ వచ్చింది. నెలకు రెండుసార్లు, మా కేంద్రంలో, నా ఎదుటే తల్లీబిడ్డలు కలవొచ్చు. దీన్ని విజిటేషన్ అంటారు. మొదటిసారి శ్రీజను వాళ్ల నానమ్మ తీసుకొచ్చింది. పిల్ల గోడకానుకుని నిలబడింది. రజిత దగ్గరికి లాక్కోలేదు, నేల మీద కూర్చుంది.

"నేను వద్దని పోయినవంట గద. నానమ్మ చెప్పింది" అన్నది శ్రీజ.

అత్త తల వంచుకుంది. రజిత ఆమె వైపు చూడలేదు.

"నువ్వు వద్దని పోలే బిడ్డా. నన్ను కొడుతున్నరని పోయిన. నీ కోసం దినాం ఎదురుచూస్తున్న."

పిల్ల ఆ రోజు దగ్గరికి రాలేదు. తర్వాతిసారి వచ్చి పక్కన కూర్చుంది. ఆ తర్వాత ఒకసారి, వెళ్లే టైమయిందంటే తల్లి కొంగు వదలలేదు. నేనే ఒక్కో వేలూ విడిపించాల్సి వచ్చింది. నా ఉద్యోగంలో అంతకంటే కష్టమైన పని చేయలేదు.

చివరికి డీవీసీలో పాప తల్లి దగ్గరే ఉండాలని, భర్త వాళ్ల జోలికి పోకూడదని తీర్పొచ్చింది. శ్రీజ బట్టల సంచితో మెదక్ వచ్చేసింది. 498ఏ మాత్రం నిలబడలేదు. వాకిట్లో చూసిన ఇరుగుపొరుగంతా హాస్టైల్ అయ్యారు, అంటే పోలీసులకు చెప్పింది కోర్టులో కాదన్నారు. ఒకామె బోనెక్కి, రజిత మొఖం చూడకుండానే, ఆ రోజు తాను ఊళ్లోనే లేనన్నది. భర్త మీద కేసు కొట్టేశారు.

కోర్టు మెట్ల మీద రజిత అడిగింది. "కొట్టలేదన్నరా మేడం?"

"కొట్టలేదనలే. రుజువు కాలేదన్నరు."

"రెండింటికీ ఫరక్ ఏమున్నది?"

ఆమె చెప్పింది నిజమని నాకు మొదటి రోజే తెలుసన్నాను. బిడ్డ దక్కింది కదా అని కూడా అన్నాను.

"మీరు నమ్మిండ్రని నాకెర్కనే మేడం. బిడ్డ నా బిడ్డనే, నాకు రావాల్సిందే. గని గా వాకిట్ల అందరు చూడంగ కొట్టిండు. అందరు వినంగ ఒక్కసారి, నిజమే, గామెను కొట్టిండ్రు, అది తప్పు, అని ఎవరన్న అనాలె. గంతే నాకు గావాల్సింది."

అప్పీలు వేయించాం. అది ఇంకా నడుస్తూనే ఉంది. వాయిదా రోజు రజిత శ్రీజను బడిలో దింపి, షాపులో అడిగి, కోర్టుకొచ్చి వెనక బెంచీ మీద కూర్చుంటుంది. పేరు పిలిచినప్పుడల్లా దిగ్గున లేచి నిలబడుతుంది. ఆ మాట ఈ రోజే అంటారేమోనన్నట్టు జడ్జి ముఖంలోకి చూస్తుంది.

బాధపడ్డ మనిషికి బతుకు ఒక దారిన పడితే చాలని, మిగతాది మెల్లగా మరిచిపోతుందని నేను ఉద్యోగంలో చేరేముందు శిక్షణలో విన్నాను. రజిత మరిచిపోలేదు. మరిచిపొమ్మని నేను ఇప్పుడు ఎవరికీ చెప్పను. గదిలో తలుపేసుకుని నేను నమ్మడం వేరు, నలుగురిలో న్యాయం దొరకడం వేరు. నేను ఇవ్వగలిగింది మొదటిదే. రెండోది దొరికే దాకా ఆ బెంచీ మీద ఆమె పక్కన కూర్చోవడం కూడా నా ఉద్యోగమే.