ఐదు సెకన్లు ఆగిన టెస్టు

ఉద్యోగ విరమణకు రెండేళ్ల ముందు, వేసవి మొదట్లో, నన్ను మా కంపెనీ జూబ్లీహిల్స్ ఆఫీసు నుంచి ఫిల్మ్‌నగర్‌లోని చిన్న శాఖకు మార్చారు. హోదా ప్రిన్సిపల్ టెస్ట్ ఇంజనీరు. పని ఒక్కటే: మేము తోడ్పడుతున్న ఒక ఓపెన్ సోర్స్ డేటాబేస్‌కు కొత్త టెస్ట్ ఫ్రేమ్‌వర్క్, అంటే టెస్టులన్నిటినీ ఒకే పద్ధతిలో నడిపే ఏర్పాటు, నిలబెట్టడం. ఓపెన్ సోర్స్ అంటే కోడ్ అందరికీ తెరిచి ఉంటుంది. ఎవరైనా వాడుకోవచ్చు, మార్పులు పంపవచ్చు. పంపిన మార్పు పాత పనిని చెడగొట్టిందో లేదో ముందుగా చెప్పాల్సింది టెస్టులే.

అప్పటిదాకా ఆ టెస్టులన్నీ యాదగిరి గారివి. షేక్‌పేట మనిషి, నాకంటే రెండేళ్లు చిన్న. ఏళ్ల తరబడి ఒక్కరే రాసి, ఒక్కరే నడిపించారు. ఏ టెస్టు ఎందుకు ఫెయిలైందో మిషిన్ రాసుకున్న లాగ్ తెరవకుండానే చెప్పేవారు. చిక్కంతా అక్కడే, ఆయన సెలవు పెడితే డేటాబేస్ కొత్త వెర్షన్ విడుదల ఆగిపోయేది. నేను చేరిన రోజే టీ కప్పుతో నా బల్ల దగ్గరికి వచ్చారు.

"అన్నీ మార్చుండ్రి మేడం, నాకేం ఫికర్ లేదు. కానీ ఏది తీసేసినా జర నన్నడిగి తీయుండ్రి."

సరేనని మాటిచ్చాను.

కొత్త పద్ధతిలో ప్రతి టెస్టూ తన సొంత సర్వర్‌ను, అంటే డేటాబేస్‌ను నడిపే ప్రోగ్రామును, ఖాళీగా మొదలుపెట్టి, పని ముగించుకుని, అంతా తుడిచేసి పోతుంది. ఒకదాని చెత్త ఇంకొకదానికి అంటదు. రెండు నెలల్లో దాదాపు అన్నీ మార్చాం. ఆయన ఒక్కో టెస్టు పుట్టిన కథ చెబుతుంటే, నేను దాని పైన రెండు వాక్యాల వివరణ రాసేదాన్ని. శ్రీనగర్ కాలనీలో ఇంటికి చేరేదాకా దారంతా ఆ కథలే తలచుకునేదాన్ని.

ఒక టెస్టు మాత్రం మొరాయించింది. అది సర్వర్ చేత ఒక రికార్డు రాయిస్తుంది. 'భద్రపరిచాను' అని సర్వర్ బదులివ్వగానే దాన్ని హఠాత్తుగా చంపేస్తుంది, కరెంటు పోయినట్టు. మళ్లీ లేపి ఆ రికార్డు ఉందో లేదో చూస్తుంది. పాత పద్ధతిలో ఎప్పుడూ పాసయ్యే ఈ టెస్టు కొత్తదాంట్లో మాటిమాటికీ ఫెయిలయ్యేది. విడుదలకు వారమే ఉంది. ప్రాజెక్టు వాళ్లందరూ చర్చించుకునే మెయిలింగ్ లిస్టులో, తప్పు కొత్త ఫ్రేమ్‌వర్క్‌దేనని, దాన్ని పక్కనపెట్టి యాదగిరి గారి పాత టెస్టు స్క్రిప్టులకే వెళ్దామని ప్రతిపాదన వచ్చింది. నిజం చెప్పాలంటే నా అనుమానం కూడా నా పని మీదే.

పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి చదివాను. తేడా ఒక్క లైను. సర్వర్‌ను చంపే ముందు ఐదు సెకన్లు ఆగమని పాతదాంట్లో ఉంది. అనవసరమనుకుని నేనే తీసేశాను. టెస్టు తీయడం లేదు కదా, ఒక్క లైనే కదా అని ఆయన్ను అడగలేదు.

అది తిరిగి పెడితే టెస్టు పాసవుతుంది, విడుదల జరిగిపోతుంది. వేళ్లు కీబోర్డు మీదికి వెళ్లాయి కూడా. అయినా ఒకసారి మాట తప్పింది చాలనిపించి ఆయన్ను పిలిచాను.

ఆయన ఆ లైను చాలాసేపు చూశారు. "గిది నేనే పెట్టిన మేడం. అప్పట్ల గూడ గిట్లనే ఒకసారి పాస్, ఒకసారి ఫెయిల్ అయితుండె. మిషిన్ స్లో ఉందనుకున్న. ఐదు సెకన్లు ఆపితే మంచిగైంది. ఎందుకైందో సూడలే."

"ఆ ఐదు సెకన్లలో సర్వర్ ఏం చేస్తోందంటారు?" అన్నాను.

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. మర్నాటి మధ్యాహ్నానికి ఇద్దరం కలిసి పట్టుకున్నాం. ఒక సెట్టింగులో సర్వర్, రికార్డు ఇంకా కరెంటు పోతే చెరిగిపోయే తన మెమరీలో ఉండగానే, డిస్కుకు చేరకముందే, 'భద్రపరిచాను' అనేస్తోంది. ఐదు సెకన్లు ఆగితే ఎలాగూ డిస్కుకు చేరుతుంది. అలా ఇన్నేళ్లూ లోపం బయటపడలేదు.

సంతోషించాల్సిన చోట యాదగిరి గారి ముఖం వాడిపోయింది. రెండు సందుల అవతల డబ్బింగ్ స్టూడియో నడిపే లత గారు, కరెంటు పోయినప్పుడు తాము ఈ డేటాబేస్‌లో ఎక్కించిన డైలాగుల టైమింగులు మాయమయ్యాయని నిరుడు ఫిర్యాదు పంపారట. టెస్టు పాసవుతోంది గనుక, లోపం లేదని రాసి ఆయనే దాన్ని మూసేశారు.

"ఆమె కరెక్టే చెప్పింది మేడం. నేనే నమ్మలే."

ఆ సాయంత్రమే మెయిలింగ్ లిస్టుకు జరిగింది జరిగినట్టు రాశారు. "మేము అని రాయండి, అడక్కుండా లైను తీసింది నేను కదా" అన్నాను. "తీసి మంచి పనే చేసిండ్రు. పెట్టినోణ్ణి నేను" అని 'నేను' అనే ఉంచారు. లోపం సరిదిద్దేదాకా విడుదల వాయిదా పడింది. పాత స్క్రిప్టుల మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

మర్నాడు లత గారి దగ్గరికి వెళ్లాం. రికార్డింగ్ గది ఎర్ర దీపం ఆరేదాకా బయట నిలబడ్డాం. యాదగిరి గారు చెప్పిందంతా ఆవిడ నిలబడే విన్నారు.

"ఆ రోజు మా సౌండ్ ఇంజనీరు మీద విరుచుకుపడ్డానండీ, సేవ్ చెయ్యలేదని. చేశానని ఆయన ఎంత చెప్పినా వినలేదు. ఇప్పుడు నేను వెళ్లి ఆయనకు చెప్పుకోవాలి" అని, మమ్మల్ని కూర్చోబెట్టి టీ తెప్పించారు.

తరువాత ఫ్రేమ్‌వర్క్‌లో ఒక నియమం చేర్చాం: ఏ టెస్టూ ఊరికే ఆగకూడదు, ఆగితే దేనికోసమో రాయాలి, అది జరిగిందని చూసుకున్నాకే కదలాలి. ఆ వాక్యం యాదగిరి గారే రాశారు. నాకు అర్థమైంది ఇది: ఒకసారి పాసై ఒకసారి ఫెయిలయ్యే టెస్టు నోరు మూయించడం సులువు. అది ఫెయిలైన ప్రతిసారీ నిజమే చెబుతోందనుకుని వెతకడమే మా ఉద్యోగం.