గడప చెక్క

పాత టేకుకు చిత్రిక పడితే ముందు దుమ్ము వాసన వస్తుంది, ఆ తర్వాతే నూనె వాసన. నిన్న నా షెడ్డులో ఆ రెండో వాసన తగలగానే పని ఆపేశాను. శామ్యూల్ మేస్త్రి గారు పక్కనే నిలబడి "నెమ్మదమ్మా, చెక్కేం పారిపోదు" అన్నట్టే అనిపించింది.

బోరబండలో ఉండేది ఆయన షెడ్డు. జూబ్లీహిల్స్‌లో, ఫిలింనగర్‌లో పాత బంగళాలు కూల్చినప్పుడల్లా తలుపులు, కిటికీ ఊచలు అక్కడికి చేరేవి. ఊచల్ని వంచి, తలుపు చెక్కలు బిగించి ఆయన చేసిన కుర్చీని చూస్తే, కూర్చోవాలో చుట్టూ తిరిగి చూస్తూ ఉండాలో తెలిసేది కాదు. డిజైన్ కోర్సు పట్టా పుచ్చుకుని ఆయన దగ్గర చేరాను. అప్పట్లో నా కళ్ళు నెత్తిమీద ఉండేవి.

ఇల్లు కూల్చే చోటే నిలబడి, ప్రతి చెక్క మీదా అది ఇంట్లో ఎక్కడిదో సుద్దతో రాయడం ఆయన పద్ధతి. ఒకసారి ఆయనకు జ్వరం వచ్చి, ఫిలింనగర్‌లో ఒక ఇంటికి నన్ను పంపారు. కూలుతున్న తన ఇంటి కలపతోనే కొత్త ఫ్లాట్‌కి బెంచీ కావాలని ఆ ఇంటి పెద్దావిడ కోరిక. బెంచీ ఆకారం నా బుర్రలో అప్పటికే తయారు. సుద్ద ఎందుకులే అని అన్నీ ట్రాలీ ఎక్కించేశాను. అన్నిటికన్నా మందమైన చెక్కకు రంగులన్నీ పోయేదాకా చిత్రిక పట్టి, కూర్చునే పలకగా బిగించాను. దాని మీద అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల రంధ్రాలు ముచ్చటగా ఉన్నాయని అలాగే ఉంచాను.

అప్పగించే రోజున మేస్త్రి గారూ లేచి వచ్చారు. పెద్దావిడ ఆ రంధ్రాలను వేలితో తడిమి ఆగిపోయారు.

"గిది మా గడపనే. గుర్రపు నాడా కొట్టింది గీడనే. పసుపు రాసి మొక్కిన గడప మీద ఎట్ల కూసుంట?"

ఆవిడ కళ్ళలో నీళ్ళు. మేస్త్రి గారు నా వైపు చూడనైనా చూడలేదు.

"తప్పు నాదేనమ్మా. జ్వరంలో పోల్చుకోలేకపోయాను. వారం టైమివ్వండి" అన్నారు.

తిరిగొస్తూ తిడతారనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. "నాకు పేరుంది, ఓ దెబ్బ తట్టుకుంటుంది. నీకింకా రాలేదు కదా" అని ఊరుకున్నారు. గడపను ఊడదీసి, వంచిన ఊచల మీద దీపం పెట్టుకునే అరగా పైకెత్తారు. కింద కూర్చోవడానికి తలుపు చెక్క వేశారు. పెద్దావిడ గడపకు మళ్ళీ పసుపు రాసుకున్నారు. మేస్త్రికి గడపేదో తెలియలేదట అన్న మాట మాత్రం ఫిలింనగర్‌లో నలుగురి నోళ్ళలో పడింది. నాకు సిగ్గేసింది, అయినా దిద్దలేదు.

ఆయన పోయాక చర్చిలో స్మారక కూడికకు ఆవిడా వచ్చారు. "మంచోడు. మా గడప ఒక్కటే తెల్వలే పాపం" అన్నారు.

"తెలియనిది నాకండీ, ఆయనకు కాదు. ఆ బెంచీ నేను చేశాను" అన్నాను.

ఆవిడ నా భుజం మీద చెయ్యి వేశారు. "గీ మాట ఆయనున్నప్పుడు అనకపోతివి బిడ్డా!"

ఇప్పుడు నా షెడ్డుకు ఎవరొచ్చినా ఆ తప్పు నాదని చెబుతాను, అడగకపోయినా సరే. ఎందరికి చెప్పినా ఆ బరువు దిగడం లేదు.