నాన్న కడిగేసిన తరవాణి కుండ

మా చిన్నప్పుడు... తెల్లారగానే మా చెల్లి బుజ్జి వంటింట్లోకి పరిగెత్తి, తరవాణి కుండ మూత తీసి, "లెగిసినావా?" అని పలకరించేది.

తరవాణి తెలియని వాళ్ల కోసం... అన్నం వార్చిన గంజిని కుండలో పులియబెడతారు. అడుగున పాతది కాస్త ఉంచి, రోజూ కొత్త గంజి పోస్తూ ఉండాలి. అందులో చద్దన్నం వేసుకుని, ఉల్లిపాయ కొరుక్కుంటూ తింటే... రాస్తుంటేనే నోరూరుతోంది.

మాది బొబ్బిలి దగ్గర పల్లెటూరు. అమ్మకి గుండె జబ్బు చేసి, ఆపరేషన్‌కి విశాఖపట్నం తీసుకెళ్లారు. ఆస్పత్రిలో అమ్మమ్మ తోడు, ఇంట్లో మాకు నాన్న తోడు. ఆటో ఎక్కుతూ అమ్మ ఒకటే మాట చెప్పింది... "ఏడవకండి. నేనొచ్చినదాకా తరవాణి సచ్చిపోకుండా సూసుకోండి."

అంతే... కుండ బతికుంటే అమ్మ బతుకుతుందని బుజ్జికి గట్టి నమ్మకం. పిచ్చిదానా అని నేను కసిరేదాన్ని గానీ, నాకూ లోపల అదే భయం. గంజి ఒక్కపూట కూడా తప్పనివ్వలేదు.

ఆపరేషన్ ముందురోజు... కుండ నీరసంగా ఉందంటూ బుజ్జి తన బెల్లం ముక్క అందులో వేసేసింది. మేం బడికి వెళ్లాక నాన్న ఇల్లంతా కడగడం మొదలుపెట్టారు. డాక్టరుగారు శుభ్రత ముఖ్యమన్నారట. చూస్తే తరవాణి నురగలు కక్కుతోంది. పాడైందనుకుని కుడితి తొట్టిలో పారబోసి, కుండని బూడిదతో బరబరా తోమి బోర్లించారు.

మేం వచ్చి చూశాం. బుజ్జి అక్కడే కూలబడి, "అమ్మ సచ్చిపోద్ది" అని ఏడుపు. నాకూ ఏడుపు ఆగలేదు.

సాయంత్రం బస్సుకి విశాఖపట్నం బయల్దేరాల్సిన నాన్న, మా మొహాలు చూసి, అంతటి మీసాలాయనా... ఖాళీ కుండ చంకన పెట్టుకుని పక్కింటికి నడిచారు. వెనకాలే మేం.

పక్కింటి సూరమ్మ పిన్ని సంగతంతా విని పకపకా నవ్వింది. "దీనికేటి బావా? మా కుండలోది మీ ఇంటిదే. నా పెళ్లయిన కొత్తల అక్కే ఇచ్చినాది." చెంబుడు తరవాణి మా కుండలో వంచింది. "ఒసే బుజ్జీ, మీ అమ్మది మా ఇంటికాడ బాగానే ఉన్నాది. ఏటవ్వదు."

బుజ్జి ముక్కు తుడుచుకుని వాసన చూసి, "అమ్మదే" అంది. అప్పుడు గానీ నాన్న మమ్మల్ని పిన్నికి అప్పగించి బస్సెక్కలేదు.

అమ్మ తిరిగొచ్చింది... సగానికి సగం చిక్కిపోయి. రాగానే తరవాణి అడిగి, ఒక్క గుక్క తాగి, "కుండ కడిగీసినారు కదూ?" అంది. మేం నాన్న వైపు చూశాం. నాన్న ఇంటికప్పు వైపు చూశారు. "నవ్వించకండి, కుట్లు లాగతన్నాయి" అంటూనే అమ్మ చాలాసేపు నవ్వింది. ఆ నవ్వు వినడానికి ఎంత ఎదురుచూశామో...

అమ్మ ఇప్పటికీ హాయిగా ఉంది, మా దగ్గరే. ఊరు వదిలి వచ్చాక తరవాణి మాత్రం లేదు. మా అపార్ట్‌మెంట్‌లో ఇన్ని తలుపులున్నాయి... ఖాళీ కుండ పట్టుకుని ఏ తలుపు కొడితే మా అమ్మ చేతిది దొరుకుతుంది?

మీ అమ్మ చేతిది ఏదైనా ఇంకా పక్కింట్లో ఉందా? ఉంటే చెప్పండి... వినాలని ఉంది.